నూరు యూనిట్ల ఉచితం మీటరుకా? మనిషికా?

మాధవరంలో మా సంఘస్థుల ఇళ్లకు ప్రార్థనకు వెళ్లినప్పుడల్లా ఒక చిన్న నోటుపుస్తకం చూస్తుంటాం. చాలా ఇళ్లలో అది బైబిలు పక్కనే ఉంటుంది. అందులో తేదీ, సబ్‌మీటరు అంకె, దాని కింద పాత అంకె, తీసివేత, తర్వాత తొమ్మిదితో హెచ్చవేత. చివర్లో ఓనరు సంతకం. కొన్ని ఇళ్లలో తొమ్మిదికి బదులు ఎనిమిది, కొన్నిచోట్ల పది.

నెల్లూరు జిల్లా నుంచి వచ్చి ఏళ్ల తరబడి ఇక్కడ నాలుగిళ్లలో పాచిపని చేసుకుంటున్న ఒక తల్లి ఈ మధ్య ఆ పుస్తకం మా చేతిలో పెట్టి అడిగింది: "అయ్యగారూ, కరెంటు నూరు యూనిట్లు ఫ్రీ అంటారు గదా. ఆ ఫ్రీ ఎవురికి?"

మేము వేదాంత కళాశాలలో చాలా కఠినమైన ప్రశ్నలు చదువుకున్నాం. ఇంత సూటి ప్రశ్న మాత్రం మాకక్కడ ఎదురుకాలేదు. ఆ రోజు జవాబు చెప్పలేక ప్రార్థన చేసి వచ్చేశాం. ఇప్పుడు ఆ జవాబు రాయాలని కూర్చున్నాం.

మొదట లెక్క చూద్దాం. 2016 మే నెలలో జయలలిత మళ్లీ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే, తమిళనాడులో ప్రతి గృహ వినియోగదారునికి రెండు నెలలకు నూరు యూనిట్లు ఉచితమని ఉత్తర్వు ఇచ్చారు. పేదా ధనికా తేడా లేదు. 2022 సెప్టెంబరులో, మళ్లీ 2024 జూలైలో ఛార్జీలు పెరిగినా ఆ నూరు యూనిట్ల ఉచితం పోలేదు. 2024 జూలై రేట్ల ప్రకారం, ప్రభుత్వ సబ్సిడీ పోగా, 101 నుంచి 200 వరకు యూనిట్‌కు 2 రూపాయల 35 పైసలు. రెండు నెలల్లో 180 యూనిట్లు కాల్చే కుటుంబానికి సొంత మీటరు ఉంటే కట్టాల్సింది 188 రూపాయలు. ఆ తల్లి ఇంట్లో కాలేది దాదాపు అంతే. రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు, ఒక టీవీ, ఒక మిక్సీ. ఆమె కట్టింది ఎంత? 180ని తొమ్మిదితో హెచ్చవేయండి. 1,620 రూపాయలు.

అదే ఊరు, అదే వీధి, అదే స్తంభం నుంచి వచ్చే కరెంటు. ఒకరికి 188, ఒకరికి 1,620. ఎక్కువ కట్టేది పేదవాడే.

ఇక్కడ చాలామంది వెంటనే ఓనరును తిట్టడం మొదలుపెడతారు. తొందరపడవద్దు. ఒక కాంపౌండులో ఆరు పోర్షన్లు, ఆరు కుటుంబాలు, అందరికీ కలిపి ఒకటే ఈబీ మీటరు అనుకుందాం. మనిషికింత అన్నట్టు ఇంటికి 180 చొప్పున మొత్తం 1,080 యూనిట్లు. ఆ మీటరుకు ఉచితం నూరు యూనిట్లే. పైగా 500 దాటిన మీటరుకు 2 రూపాయల 35 పైసల రేటు అసలు వర్తించదు. 101 నుంచి 400 వరకు 4.70, ఆపైన 500 వరకు 6.30, 600 వరకు 8.40, 800 వరకు 9.45, 1,000 వరకు 10.50, వెయ్యి దాటితే 11.55. మొత్తం కూడితే బిల్లు 7,794 రూపాయలు. ఆరుగురూ విడివిడి మీటర్లతో ఉంటే అందరి బిల్లూ కలిపి 1,128 రూపాయలు మాత్రమే అయ్యేది. ఇంచుమించు ఏడింతలు!

అంటే ఓనరు పూర్తి నిజాయితీపరుడైనా, పైసా లాభం తీసుకోకపోయినా, యూనిట్‌కు 7 రూపాయల 20 పైసలకు పైగా వసూలు చేయక తప్పదు. తొమ్మిది చొప్పున తీసుకుంటే 9,720 వస్తుంది. అందులో దాదాపు 1,900 ఆయన జేబులో మిగులుతుంది. మోటారు, మెట్ల మీద లైటు అని కొంత చెబుతారు, అది వేరే సంగతి. అసలు విషయం ఏమిటంటే, ఓనరు తీసుకునే లాభం కన్నా ఈ పద్ధతి చేసే దోపిడీయే పెద్దది. ఎక్కువ కాల్చే ధనవంతుల మీద ఎక్కువ భారం వేయాలని ఈ శ్లాబులు పెట్టారు. కానీ ఏసీలు నాలుగున్న ఒక్క కుటుంబమూ, ఫ్యాన్ల కింద పడుకునే ఆరు కుటుంబాలూ మీటరు కంటికి ఒక్కటే. మీటరుకు యూనిట్లు కనబడతాయి గాని మనుషులు కనబడరు.

ఆ తల్లి ప్రశ్నకు జవాబు ఇదే. ఉచితం మనిషికి కాదు, మీటరుకు. మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్లకు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మన పెద్దల సామెత. ఇక్కడ పూజారి దాకా పోనక్కరలేదు, వరమే చిరునామా తప్పింది.

"విడిగా మీటరు పెట్టించుకోవచ్చు కదా" అంటారు. చట్టం కూడా అదే అంటుంది. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఇంటి యజమాని గాని, ఆ ఇంట్లో నివసించేవారు గాని దరఖాస్తు చేస్తే పంపిణీ సంస్థ సరఫరా ఇవ్వాలి. నివసించేవారు అన్నమాటను గమనించండి. ఓనరు నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న కారణంతో అద్దెదారుకు కరెంటు నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 2022 మే నెలలో ఒక మహారాష్ట్ర కేసులో స్పష్టంగా చెప్పింది. అదే చట్టం 12వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా కరెంటు కొని అమ్మే వ్యాపారం చేయకూడదు. తమిళనాడు 2017లో చేసిన అద్దె చట్టం కూడా యజమాని అత్యవసర సేవలను ఆపకూడదంటుంది.

కాగితం మీద ఇన్ని ఉన్నాయి. అయితే మాధవరంలో ఒక పోర్షన్‌లో ఉండేవారి చేతిలో ఏ కాగితం ఉంది? అద్దె ఒప్పందం నోటిమాట. అడ్వాన్సుకు రసీదు లేదు. కొందరికి ఆధార్ ఇంకా ఊరి చిరునామాతోనే ఉంది. మీటరు అడిగిన మరునెలే "మా అమ్మాయి వస్తోంది, ఇల్లు ఖాళీ చేయండి" అనే మాట వినబడుతుంది. మా సంఘంలో ఒక కుటుంబానికి అలాగే జరిగింది. సామాను ఆటోలో ఎక్కిస్తుంటే పక్కన నిలబడి చూడడం తప్ప మేము చేయగలిగింది ఏమీ లేకపోయింది. భయపడి నోరు మూసుకున్నవాణ్ణి హక్కు తెలియనివాడు అనడం అన్యాయం.

ప్రభుత్వాలకు ఇది తెలియని సమస్యా? కాదు. ఢిల్లీలో 2019లో అద్దెదారులకు ప్రీపెయిడ్ మీటర్ల పథకం తెచ్చారు. అద్దె కాగితం చూపితే చాలు, ఓనరు అనుమతి అక్కరలేదన్నారు. కర్ణాటకలో 2023లో గృహజ్యోతి ప్రారంభించినప్పుడు అద్దె ఇళ్లలో ఉన్నవారికి కూడా వర్తిస్తుందని ముఖ్యమంత్రే ప్రకటించారు. ఇదే తమిళనాడులో 2022 నవంబరు నుంచి సర్వీసు నంబరుకు ఆధార్ కలిపే పని పెట్టినప్పుడు, అద్దెదారుల ఆధార్ కలపడానికి కూడా దారి ఉంచారు. అంటే ఆ ఇంట్లో అద్దెదారు ఉన్నాడని శాఖకు తెలుసు. లెక్కించడానికి పనికొచ్చిన మనిషి ఉచితం దగ్గర ఎందుకు మాయమయ్యాడు?

ఇక రెండు నెలలకొకసారి రీడింగ్ విషయం. సొంత మీటరు ఉన్నవారికి కూడా ఇది పోటే. 500 యూనిట్లకు బిల్లు 1,805 రూపాయలు. ఒక్క యూనిట్ ఎక్కువైతే 2,048. ఆ ఒక్క యూనిట్ ధర 243 రూపాయలు! ఎండాకాలంలో రీడింగ్ తీసే మనిషి నాలుగు రోజులు ఆలస్యంగా వస్తే ఆ గీత దాటడానికి చాలు. నెలనెలా లెక్క తీస్తామని 2021 ఎన్నికల ప్రణాళికలో ద్రావిడ మున్నేట్ర కళగం మాట ఇచ్చింది. గ్యాస్ సిలిండర్‌కు నూరు రూపాయల సబ్సిడీ అని కూడా అందులోనే ఉంది. ఓటు మాత్రం సమయానికి వేయించుకున్నారు.

గ్యాస్ దగ్గరకు వద్దాం. చెన్నైలో 14.2 కిలోల సిలిండర్ 2023 మార్చిలో 1,118 రూపాయల 50 పైసలు. ఆ ఏడాది ఆగస్టు చివర 200, ఎన్నికల ముందు 2024 మార్చిలో 100 తగ్గించారు. 2025 ఏప్రిల్‌లో 50 పెంచితే 868 రూపాయల 50 పైసలైంది. ఉజ్వల లబ్ధిదారులకు 2023 అక్టోబరు నుంచి సిలిండర్‌కు 300 సబ్సిడీ ఉంది. 2021లో వచ్చిన ఉజ్వల రెండో విడతలో వలస కుటుంబాలు రేషన్ కార్డు, చిరునామా రుజువు లేకుండా స్వయంగా రాసిచ్చిన ప్రకటనతో కనెక్షన్ తీసుకోవచ్చన్నారు. మంచి మాట. కానీ ఈ సంగతి మా వీధిలో ఎంతమందికి తెలుసని అడిగితే, చేతులు లేచింది తక్కువ.

మిగతావారు ఏం చేస్తున్నారు? చిరునామా అడగకుండా ఇచ్చే అయిదు కిలోల చిన్న సిలిండర్ కొంటారు. కిలో లెక్కన అది పెద్ద సిలిండర్ కన్నా ఖరీదు. లేదా సందులో దొంగచాటుగా పెద్ద సిలిండర్ నుంచి చిన్నదానిలోకి ఎక్కించేవాడి దగ్గర కిలోల లెక్కన నింపించుకుంటారు. అది ధరా ఎక్కువే, ప్రాణానికీ ముప్పే. ఒకేసారి తొమ్మిది వందలు చేతిలో లేనివాడు విడివిడిగా కొని అంతకన్నా ఎక్కువ కడతాడు. బీదరికంలో అన్నిటికన్నా ఖరీదైనది బీదరికమే.

ఇందులో మన తెలుగువాళ్ల కష్టం ఇంకొకటి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరు 1 నుంచి దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. అక్కడి రేషన్ కార్డు, అక్కడి గ్యాస్ కనెక్షన్ ఉన్నవారికి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 500 రూపాయలకు సిలిండర్, నెలకు 200 యూనిట్ల ఉచిత కరెంటు. మాధవరం బస్‌స్టాండులో దిగి గోడౌన్లలో, లారీ షెడ్లలో, ఇళ్లలో పని వెతుక్కున్నవాడికి ఊరిలో కార్డు ఉంది, పొయ్యి లేదు. ఇక్కడ పొయ్యి ఉంది, కార్డు లేదు. అక్కడి మూడు సిలిండర్లూ అందవు, ఇక్కడి నూరు యూనిట్లూ అందవు. రెండు రాష్ట్రాల సంక్షేమ ప్రకటనల నడుమ అతడు తడ దగ్గర జారిపోయాడు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు అని బియ్యాన్ని రాష్ట్రాలు దాటించగలిగారు. బియ్యం సరిహద్దు దాటినప్పుడు, ఆ బియ్యం ఉడికించే నిప్పు ఎందుకు దాటదు?

ఇంతవరకు ప్రభుత్వాన్ని అడిగాం. ఇప్పుడు మనల్ని మనం అడుగుదాం.

మన సంఘాల్లో ఖర్చుల నిర్వహణ మీద తరగతులు పెడుతున్నాం. లైటు ఆర్పండి, కుక్కర్‌లో వండండి, పప్పు ముందే నానబెట్టండి, బర్నర్ శుభ్రం చేయండి అని చెబుతున్నాం. చెప్పకూడదని కాదు, మేమూ చెప్పాం. కానీ రేకుల కప్పు కింద మే నెలలో పసిబిడ్డతో ఉన్న తల్లికి ఫ్యాను ఆపమని చెప్పడానికి మాకు నోరు రాలేదు. పొదుపు తెలియక ఆమె బీదరాలు కాలేదు. సారెపతు విధవరాలు రెండు పుల్లలు ఏరుకుంటుంటే ఏలీయా ఆమెకు పొదుపు పాఠం చెప్పలేదు. ఆమె ఇంటి పిండి, నూనె సంగతి చూశాడు.

మరో మాట, కష్టమైన మాట. ఆ పోర్షన్ల ఓనర్లలో మన విశ్వాసులు లేరా? మన సంఘ పెద్దలు లేరా? ఆదివారం పక్కపక్కన కూర్చుని బల్లలో పాలుపొందే ఇద్దరిలో ఒకరు మరొకరికి యూనిట్ తొమ్మిది రూపాయలకు అమ్ముతున్నారు. నెహెమ్యా కాలంలో కూడా పేదలు మొరపెట్టింది పరాయివాళ్ల మీద కాదు, సొంత సహోదరుల మీద. ఆయన పెద్దలను సభకు పిలిచి, తీసుకున్నది తిరిగి ఇవ్వమన్నాడు. తిరుగటి రాయిని తాకట్టు పెట్టుకోవద్దని ధర్మశాస్త్రం ఎందుకంటుంది? అది ఆ ఇంటి కూడు కాబట్టి. ఈనాటి తిరుగటి రాయి గ్యాస్ పొయ్యి, కరెంటు మీటరు. ఆమోసు ప్రవక్త మండిపడిన దొంగ త్రాసుకు నేటి పేరు సబ్‌మీటరు అంటే కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి. ఆ కోపం కూడా మేము వడ్డీతో సహా మోస్తాం.

కాబట్టి మేము అడిగేవి ఇవి. ప్రభుత్వం ఉచిత యూనిట్లను, శ్లాబులను కుటుంబం లెక్కన ఇవ్వాలి. ఒక మీటరు కింద ఆరు కుటుంబాలు ఉంటే ఆరు కుటుంబాలుగానే లెక్క కట్టాలి. ఒకే కుటుంబం మూడు మీటర్లతో మూడు ఉచితాలు పొందుతోందని శాఖకు ఫిర్యాదు ఉంటే, దానికీ మందు ఇదే: మీటర్లను కాదు, కుటుంబాలను లెక్కించడం. అద్దెదారులకు ఓనరు సంతకం లేకుండా మీటరు ఇచ్చే శిబిరాలు వార్డు వార్డులో పెట్టాలి. రీడింగ్ నెలనెలా తీయాలి. గ్యాస్ రాయితీ మనిషి వెంట రాష్ట్రాలు దాటాలి.

సంఘం చేయగలిగింది కూడా ఉంది. విశ్వాసి అయిన ప్రతి ఓనరూ ఈబీ బిల్లును కాంపౌండు తలుపుకు అంటించాలి. బిల్లు ఎంతో అంతే పంచుకోవాలి. సంఘ పెద్దలతో మొదలుపెట్టాలి. ఉజ్వల దరఖాస్తులు, ఆధార్ చిరునామా మార్పులు ఆరాధన తర్వాత అరగంట కూర్చుని చేయించాలి. పాత ఫ్యాను 75 వాట్లు, కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దాపున తింటుంది. రోజుకు 16 గంటల చొప్పున రెండు నెలల్లో ఒక్క ఫ్యానుకే 43 యూనిట్లు మిగులుతాయి. తొమ్మిది రూపాయల లెక్కన 387 రూపాయలు. ఆ ఫ్యాను కొనే డబ్బు ఆమె దగ్గర లేదు, సంఘపు పెట్టెలో ఉంది. వడ్డీ లేకుండా వాయిదాల మీద ఇవ్వడానికి ఏ సభ తీర్మానం కావాలి?

పోయిన వారం ఆ తల్లి ఇంటికి మళ్లీ వెళ్లాం. జవాబు చెప్పాం. ఉచితం మీటరుకమ్మా, నీకు కాదు అని. ఆమె నోటుపుస్తకం మూసి, "అట్టయితే మీటరు నా పేర రాయించండి అయ్యగారూ" అంది.

ఆ పనికే వచ్చాం. దరఖాస్తు కాగితం మా సంచిలో ఉంది. ఆమె పక్కన నిలబడడానికి, ఇల్లు ఖాళీ చేయమంటే అడ్డుపడడానికి ఎవరెవరు వస్తారో ఇక మీరు చెప్పాలి.