పదము వెనుకనున్న తీర్పు

ఆంగ్లాలంకారములను నేర్వబూనిన మన విద్యార్థి ప్రతి పదమునకు మన అలంకారశాస్త్రమున ఒక జోడును వెదకుకొనును. సిమిలీ యనగా ఉపమ. మెటఫర్ అనగా రూపకము. ఇంతవరకు బాట సుగమమే. ఆపైన ఈ పద్ధతి మోసగించును.

'పెథటిక్ ఫాలసీ'ని చూడుడు. ప్రకృతికి మానవభావముల నారోపించుటయే గదా, ఇది మన ఉత్ప్రేక్షయే యని తృప్తిపడుట సులభము. కాని 1856లో 'మోడరన్ పెయింటర్స్' మూడవ సంపుటమున ఈ మాటను కల్పించిన జాన్ రస్కిన్ దానిని దోషముగా నెన్నెను. భావోద్రేకమువలన గలిగిన భ్రాంతి యని దాని యర్థము. కింగ్‌స్లీ గేయమొకటి ఆయన చూపిన ఉదాహరణము. నీట మునిగిన పిల్లను ఒడ్డునకు తెచ్చువేళ సముద్రపు నురుగు అందు క్రూరముగా దోచును. నురుగునకు క్రూరత్వ మెక్కడిది? శోకమున చెదరిన మనస్సు దాని నట్లు చూచినది. శోకము నిజమైనచో ఈ భ్రాంతిని మన్నింపవచ్చుననియు, ఆవేశము లేని కృతక కల్పన సహింపరానిదనియు రస్కిన్ మతము.

మన ఆలంకారికుల దృష్టి వేరు. ఉత్ప్రేక్షలో కవి తెలిసియే ఊహించును. 'కాబోలు' అను మాటయే అందుకు సాక్షి. వారు ఉక్తిని పరీక్షించిరి. రస్కిన్ కవి మనస్సును పరీక్షించెను.

ఇట్టి పదములలో ఒక తీర్పు దాగియుండును. దాని నెవరు, ఎందులకు పలికిరో యెరుగక జోడుపదమును వల్లించినచో పరీక్షలో మార్కులు దక్కును గాని కవిత్వము దక్కదు. నిర్వచనముతోపాటు పదము పుట్టుకను గూడ చెప్పుట ఉపాధ్యాయుల విధి.