చప్పుడు లేని కూలర్‌నే అడగండి

ప్రాసెసర్‌కి కూలర్ కావాలంటే దుకాణాల్లో ముందు రంగురంగుల లైట్లున్నవి చూపిస్తారు. విజయవాడలో ఇంటి దగ్గరే ఆడియో పుస్తకాలు చదివి రికార్డు చేసే నాకు కావలసింది మైకులో పడని ఫ్యాను.

ఫ్యాను పెద్దదైతే నెమ్మదిగా తిరుగుతూనే అంత గాలీ తోలుతుంది. 92 మిల్లీమీటర్లది గీపెట్టే చోట 140 మిల్లీమీటర్లది వినపడీ వినపడనట్టుంటుంది. అసలు పని రాగి గొట్టాలది. లోపలున్న కొద్దిపాటి ద్రవం ప్రాసెసర్ వేడికి ఆవిరై, అల్యూమినియం రేకుల దగ్గర చల్లబడి, మళ్లీ వెనక్కి చేరుతుంది. రేకుల విస్తీర్ణం పెరిగేకొద్దీ ఫ్యానుకు శ్రమ తగ్గుతుంది. ఆస్ట్రియా కంపెనీ నాక్టువా తయారుచేసే ఎన్‌హెచ్-డి15 బలం అదే. దాని ఎత్తు 165 మిల్లీమీటర్లు, కాబట్టి క్యాబినెట్ లోపల కొలుచుకోకుండా కొనొద్దు.

గాలితో నడిచే ఏ కూలరైనా ప్రాసెసర్‌ని గది వేడికన్నా కిందికి దించలేదు. 22 డిగ్రీల గదిలో కొలిచిన ప్రాసెసర్ వేడి అంకె చూపిస్తే, 37 డిగ్రీలుండే మన మే నెల గదికి ఇంచుమించు 15 కలుపుకోవాలి. ఇక్కడి ఎండలకి పెద్ద కూలర్ విలాసం కాదని నా గట్టి నమ్మకం. కూలర్ ఎన్ని వాట్ల వేడిని తట్టుకుంటుందో పెట్టె మీద చూపించే దుకాణదారుని, ఆ వాట్ల దగ్గర చప్పుడు ఎంతో కూడా చెప్పమని అడగండి.