గుండీ వాడినే పెట్టుకోనివ్వండి

పత్తి ఏరే రోజుల్లో మన జనగామ పల్లెల్లో పొద్దున క్షణం తీరిక ఉండదు. బిడ్డకు అంగీ మనమే తొడిగేస్తాం. మా ఇంట్లోనూ అంతే. మూడేళ్ల మా చిన్నవాడు అంగన్‌వాడీలో లాగు నాడా విప్పుకోలేక తడుపుకొని, సిగ్గుతో రెండు రోజులు వెళ్లనన్నాడు. తప్పు వాడిది కాదు, ముడి బిగించిన నాది.

ఆ సాయంత్రమే వాళ్లమ్మ నాడా తీసి ఎలాస్టిక్ వేసింది. పిల్లలకు తొడుక్కోవడం కంటే విప్పుకోవడమే ముందు వస్తుంది; గుండీలు పెట్టుకోవడం చాలామందికి నాలుగేళ్లకు గానీ చేతకాదు. లాగు మోకాళ్ల దాకా మీరు ఎక్కించి, మిగతాది వాడినే లాక్కోమనండి. పని ముగించింది తానే గనుక మురిసిపోతాడు. ఇది పొద్దుటి తొందరలో కాదు, రాత్రి పడుకునే ముందు నేర్పండి.

మొన్న ఆదివారం మావాడు అంగీ తిరగేసి తొడుక్కొని ఆరాధనకు వచ్చాడు. నేను సరిచేయలేదు.