ఒకే బాణీ... రెండు వయసులు

అది 1955 జూన్. న్యూయార్క్‌లో ఎండాకాలం. కొలంబియా వాళ్ల రికార్డింగ్ స్టూడియోకి ఓ కుర్రాడు కోటు, మఫ్లర్, చేతి తొడుగులతో వచ్చాడు. వెంట ఓ పొట్టి మడత కుర్చీ. అది వాళ్ల నాన్న ప్రత్యేకంగా సరిచేసి ఇచ్చింది. వాయించేముందు చేతుల్ని చాలాసేపు వేడినీళ్లలో ఉంచుకున్నాడు. తర్వాత ఆ కుర్చీలో కూర్చుని పియానో మీద వేళ్లు పెట్టాడు... అంతే, వేగమంటే ఏమిటో చూపించాడు!

అతడే గ్లెన్ గూల్డ్. ఊరు కెనడాలోని టొరంటో. అప్పటికి వయసు 22.

అతను వాయించింది బాఖ్ రాసిన 'గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్'. 1741లో అచ్చయిన రచన. మొదట 'ఆరియా' అనే ప్రశాంతమైన బాణీ వస్తుంది. దానికి ఆధారమైన మంద్రస్వరాల వరుస మీద 30 రకాల అల్లికలు. చివర్లో మళ్లీ అదే ఆరియా. దాదాపు అంతా జి మేజర్ స్కేలులోనే సాగుతుంది. మన లెక్కలో చెప్పాలంటే శంకరాభరణం స్వరాలు. మూడంటే మూడు అల్లికలు మాత్రం జి మైనర్‌లోకి, అంటే మన నఠభైరవికి దగ్గరగా ఉండే స్వరాల్లోకి మళ్లుతాయి.

ఇంత రచననీ గూల్డ్ ముప్పై ఎనిమిదిన్నర నిమిషాల్లో ముగించాడు. 1956లో రికార్డు విడుదలైంది. కుర్రాడి పేరు దేశదేశాలా మారుమోగింది.

మరో పాతికేళ్లు గడిచాయి. 1964లోనే కచేరీలు మానేసి స్టూడియోకే పరిమితమైన గూల్డ్, 1981లో మళ్లీ అదే స్టూడియోకి, అదే రచన కోసం వచ్చాడు. అంత పేరు తెచ్చిన రికార్డు ఉండగా మళ్లీ ఎందుకు? ఎందుకంటే అది అతనికే నచ్చలేదు. ముప్పై ముక్కలూ ఎవరిదారి వారిదే అన్నట్టు పరుగెత్తుతున్నాయనిపించింది. ఈసారి మొత్తానికీ ఒకే నాడి ఉండాలనుకున్నాడు. మన విద్వాంసులు ఒకే తాళాన్ని మొదటి కాలం, రెండో కాలం అంటూ లెక్క తప్పకుండా నడిపిస్తారే... అలాగన్నమాట. ఒక అల్లిక వేగానికీ తర్వాతి దాని వేగానికీ ఓ లెక్క కుదిర్చాడు.

ఈసారి మొత్తం 51 నిమిషాలు పట్టింది. కొన్ని భాగాల్ని రెండోసారి కూడా వాయించడం వల్ల కొంత సమయం పెరిగిందనుకున్నా, ఆరియా సంగతేమిటి? మొదటి రికార్డులో అది రెండు నిమిషాలు కూడా లేదు. రెండోదాంట్లో మూడు నిమిషాలు దాటింది. అదే స్కేలు. రాసిన స్వరాలూ అవే. కానీ మొదటిది ఉదయపు నడక. రెండోది అలిసిన మనిషి ఆగి ఆగి వెనక్కి చూసుకోవడం!

అయితే అసలు విశేషం 25వ అల్లికలో ఉంది. ఇది మైనర్ స్కేలులోది. రచన మొత్తంలో గుండె బరువెక్కించే చోటు. వయసుతోపాటు గూల్డ్ దీన్ని ఇంకా నెమ్మదిగా వాయించి ఉంటాడనుకుంటాం. కాదు! ఇరవై రెండేళ్లప్పుడు దాదాపు ఆరున్నర నిమిషాలు తీసుకున్నవాడు, నలభై ఎనిమిదేళ్లకి ఆరు నిమిషాల్లో ముగించాడు. పాతదాంట్లో బాధని మరీ బయటపెట్టేశానని, అది షోపాన్ నాక్టర్న్‌లా ఉందని అతని అభిప్రాయం. కుర్రతనం దుఃఖాన్ని సాగదీసింది. పెద్దరికం దాన్ని దిగమింగింది. సంతోషం దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు నిలబడింది.

మేజర్ అంటే ఆనందం, మైనర్ అంటే విషాదం అని పుస్తకాలు చెబుతాయి. అది సగం నిజమే. మిగతా సగం నడకలో ఉంది. ఆ నడక వాయించేవాడి వయసులో ఉంది.

రెండో రికార్డు 1982 సెప్టెంబరులో విడుదలైంది. ఆ నెల 25న గూల్డ్‌కి యాభై నిండాయి. రెండు రోజులకే పక్షవాతం. అక్టోబరు 4న కన్నుమూశాడు. వీడ్కోలు అనుకుని వాయించిందేమీ కాదు. విన్నవాళ్లకి మాత్రం అలాగే అనిపిస్తుంది. టొరంటోలో అతని సమాధి రాయి మీద ఆరియా తొలి స్వరాలే చెక్కి ఉన్నాయి.

వీలు చూసుకుని ఆ రెండు ఆరియాలూ ఒకదాని వెంట ఒకటి వినండి. కలిపి అయిదు నిమిషాలే. పియానో వెనక సన్నగా కూనిరాగం వినిపిస్తే మీ స్పీకర్లో లోపం అనుకోకండి. అది గూల్డ్ గొంతే. వాయిస్తూ తనలో తాను పాడుకునే ఆ అలవాటు ఒక్కటే పాతికేళ్లలోనూ మారలేదు!