పై చదువుల వారికి విలువిద్య

పిల్లవాడు పదవ తరగతికి వచ్చుటతోడనే మన ఇండ్లలో ఆట మాన్పింతురు. డిగ్రీ ముగిసి పై చదువునకు చేరిన పిదప ఆట యను మాటయే వినబడదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల నుండి కాకినాడకో, రాజమహేంద్రవరమునకో, విశాఖపట్టణమునకో పోయి ఎమ్మెస్సీ, ఎం.టెక్., పరిశోధన చేయు యువతీయువకులు అనేకులు. వారి దినచర్య గృహస్థులకు తెలియనిది కాదు. పగలంతయు కంప్యూటరు ముందు వంగి కూర్చుండుట, అర్ధరాత్రి దాటిన తరువాత నిద్ర, వేళ తప్పిన భోజనము, ఆకలి చంపుటకు టీ. సెలవులకు ఇల్లు చేరునాటికి మెడనొప్పి, మలబద్ధకము, చిరాకు. తల్లి తలకు నూనె అంటి, వేళకు అన్నము పెట్టి పది దినములలో బాగుచేసి పంపును. వెళ్లిన నెలకే మరల మొదటి స్థితి.

ఇట్టివారికి విలువిద్య తగిన వ్యాపకమని నా అభిప్రాయము. నడకకన్న, ఈతకన్న ఇది గొప్పదని కాదు. కూర్చుండి చదువువారి భుజములు ముందునకు ఒరిగి, ఛాతీ ముడుచుకొని యుండును. వింటినారిని లాగునప్పుడు భుజపుటెముకలు వెనుకకు చేరి, ఛాతీ విచ్చుకొని, మెడ నిటారుగా నిలుచును. చదువు బల్ల వంచినదానికి ఇది విరుగుడు. విడిచిన బాణములను తెచ్చుకొనుటకు మాటిమాటికి నడువవలెను గనుక కాళ్లకును పని కలుగును. ఇక మనస్సు సంగతి. పరిశోధనలో చేసిన పని మంచిదో చెడ్డదో తెలియుటకు ఏండ్లు పట్టును. ఇచ్చట క్షణములో తెలియును. గురిపెట్టు వేళ థీసిసు తలపునకు వచ్చెనా, బాణము పక్కకు పోవును. ఆ కొద్దిసేపైనను చింతను పక్కన పెట్టక తప్పదు.

చదువు చెడునని పెద్దల భయము. మన రాష్ట్రమున విలువిద్యకు పేరు తెచ్చిన నగరము విజయవాడ. అచ్చటి వెన్నం జ్యోతి సురేఖ కె.ఎల్. విశ్వవిద్యాలయములో ఇంజనీరింగు చదివి, పిదప ఎం.బి.ఏ. చదువునకును చేరినది. 2017లో అర్జున పురస్కారమును, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణములను పొందినది. కాని ఆమెను చూపి “నీవును పతకము తెమ్ము” అనిన నాడు ఈ వ్యాపకము మరియొక పరీక్షయై కూర్చుండును. పరీక్షలు వారికి ఇప్పటికే చాలినన్ని యున్నవి.

ఆయుర్వేదమునకును బాణమునకును పాత చుట్టరికమే. శరీరమున గ్రుచ్చుకొనిన బాణాదులను తీయు విధానమును సుశ్రుతుడు విపులముగా చెప్పెను. శల్యతంత్రమను పేరు దాని నుండియే వచ్చినది. అయితే మనకు కావలసినది వాగ్భటుని దినచర్యాధ్యాయము. బలవంతులు, స్నిగ్ధాహారము తినువారు శీతకాలమునను వసంతమునను అర్ధశక్తితో వ్యాయామము చేయవలెననియు, తక్కిన కాలములలో ఇంకను తగ్గింపవలెననియు అందు కలదు. శ్వాస నోటి ద్వారా ఆడుట అర్ధశక్తికి సుశ్రుతుడు చెప్పిన గుర్తు. విలువిద్యలో అంత ఆయాసము రాదు గనుక, విల్లు పట్టిన చేయి వణకుటనే గుర్తుగా తీసికొనవలెనని నేను తలచెదను. వణకు మొదలైనచో ఆనాటికి చాలు. మరి నాలుగు బాణములు వేయవలెనను పంతమే భుజమును చెడగొట్టును.

ఆరంభమునకు సంక్రాంతి సెలవులు మేలు. కాలము శీతకాలము, పిల్లలు ఇంట నుందురు. కోడిపందెముల బరి వద్ద నిలుచు సమయములో సగము చాలును. అయితే మొదటి పాఠములు తప్పక శిక్షకుని వద్దనే నేర్వవలెను. చూచి నేర్చుకొనిన తప్పు భంగిమ తరువాత దిద్దుట కష్టము. ఒలింపిక్స్‌లో 70 మీటర్ల దూరము నుండి వేయుదురు. మనవారికి 10 మీటర్లు చాలును. లాగుటకు 20 పౌండ్లు, అనగా సుమారు 9 కిలోలు మించని విల్లు పెద్దలైన క్రొత్తవారికి సరిపోవును. ముంజేతికి పట్టీ, వ్రేళ్లకు తొడుగు ఉండవలెను. బాణము సంధింపక నారిని లాగి వదలరాదు, విల్లు విరుగవచ్చును.

కొబ్బరితోట నీడ చల్లగా నుండునని అచ్చట మొదలుపెట్టువారు ఒక్కటి చూచుకొనవలెను. లక్ష్యము వెనుక కాలిబాటగాని, పశువులపాకగాని, జనులు నడచు కాలువగట్టుగాని ఉండరాదు. వరిగడ్డి మోపులను ఒత్తుగా పేర్చినను బాణము గురి తప్పి పైనుండి పోవచ్చును. దింపు తీయువారు చెట్లపై నుండు దినమున విల్లు ముట్టరాదు. ఇక బాణముతో కాయను పడగొట్టెదనను తమ్ముడు ప్రతి ఇంటను ఒకడుండును. వానికి విల్లు అందకుండ దాచుట మంచిది.

అభ్యాసమైన పిదప భుజములకు, వీపునకు గోరువెచ్చని నువ్వులనూనె మెల్లగా మర్దించి, కొంతసేపటికి వేడినీటి స్నానము చేయవలెను. భోజనమైన వెంటనే విల్లు పట్టరాదు. అజీర్ణముగా నున్ననాడు వ్యాయామమే వద్దని వాగ్భటుని మాట. భుజమున నొప్పి వారము దాటి నిలిచినను, చేయి తిమ్మిరెక్కినను, నూనెలతో కాలము గడుపక విల్లు ఆపి వైద్యునికి చూపవలెను.