బదిలీ మనకు... మరి వాటికి?

వార్షిక పరీక్షలు అయిపోగానే మన క్వార్టర్లలో రెండు మాటలు బాగా వినిపిస్తాయి. ఒకటి ఆర్డర్లు, రెండు టీసీలు. ఎవరికి ఏ ఊరు వచ్చింది, కొత్త బడి ఎలా ఉంటుంది అని మాట్లాడుకుంటాం. సామాన్ల లారీ వస్తుంది. మంచాలు, ఫ్రిజ్, సైకిళ్లు, చివరికి పూలకుండీలు కూడా లారీ ఎక్కుతాయి. చాలాసార్లు ఎక్కనిది, రెండు మూడేళ్లు ఆ ఇంటి అన్నం తిన్న కుక్క. కొన్నాళ్లు అది తాళం వేసిన గుమ్మం ముందే పడుకుంటుంది. ఇది ఏటా జరిగేదే కాబట్టి ఎవరికీ తప్పుగా తోచదు. “కుక్కే కదా, ఎలాగో బతికేస్తుంది” అంటారు. ఆ మాట సరికాదని పెంపుడు జంతువుల చరిత్ర చదివితే మనకు అర్థమవుతుంది.

ముందుగా ఒక తేడా తెలుసుకుందాం. ఒక జంతువును మచ్చిక చేయడం వేరు, ఒక జాతి మొత్తం పెంపుడు జాతిగా మారడం వేరు. ఏనుగును మన దేశంలో వేల ఏళ్లుగా మచ్చిక చేస్తున్నారు. యుద్ధాలకు, గుళ్లలో ఉత్సవాలకు, దుంగలు లాగడానికి వాడారు. అయినా ఏనుగు పెంపుడు జాతి కాలేదు. ఎక్కువగా అడవిలో పుట్టినదాన్నే పట్టి తెచ్చి లొంగదీసుకున్నారు. పెంపుడు జాతి అలా కాదు. అది తరతరాలుగా మనుషుల దగ్గరే పుట్టి పెరుగుతుంది. మనుషులకు పనికొచ్చే గుణాలున్న వాటికే ఎక్కువ పిల్లలు పుట్టే వీలుంటుంది. అలా వందల తరాలు గడిచేసరికి దాని ఒళ్లూ మారుతుంది, స్వభావమూ మారుతుంది.

ఈ దారిలో అన్నిటికంటే ముందు నడిచింది కుక్క. కనీసం 15,000 ఏళ్ల క్రితమే తోడేళ్లలో ఒక శాఖ కుక్కగా మారింది. అప్పటికి వ్యవసాయం లేదు, ఊళ్లు లేవు. జర్మనీలో బాన్ నగరం దగ్గర ఒబర్‌కాసెల్ అనే చోట 1914లో ఒక సమాధి బయటపడింది. దాని వయసు సుమారు 14,000 ఏళ్లు. అందులో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వాళ్లతో పాటు కుక్కపిల్ల ఎముకలు ఉన్నాయి. దాని పళ్లను పరీక్షించిన శాస్త్రవేత్తలు, అది చిన్నప్పుడే తీవ్రంగా జబ్బుపడిందని, ఎవరో దగ్గరుండి చూసుకోకపోతే అన్ని వారాలు బతికేది కాదని తేల్చారు. జబ్బుపడిన కుక్కపిల్ల వేటకు పనికిరాదు, కాపలాకూ పనికిరాదు. అయినా సాకారు. చనిపోయాక తమవాళ్లతో కలిపి పాతిపెట్టారు.

పెంపకం వల్ల స్వభావం మారుతుందనడానికి మన కాలంలోనే ఒక రుజువు దొరికింది. 1959లో సైబీరియాలోని నోవోసిబిర్స్క్‌లో దిమిత్రి బెల్యాయెవ్ అనే శాస్త్రవేత్త నక్కల మీద ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ల్యుద్మిలా త్రూత్ అనే శాస్త్రవేత్త దాన్ని దశాబ్దాల పాటు నడిపింది. ప్రతి తరంలోనూ మనిషిని చూసి భయపడని, కరవని నక్కలను మాత్రమే ఎంచి, వాటి పిల్లలను పెంచారు. ఇంకే గుణాన్నీ చూడలేదు. నాలుగో తరానికే తోక ఊపే పిల్ల పుట్టింది. తర్వాతి తరాల్లో వేలాడే చెవులు, వంకర తోకలు, తెల్ల మచ్చలు కనిపించాయి. మనిషి రాకకోసం ఎదురుచూసి మూలిగే నక్కలు తయారయ్యాయి. అంటే మనల్ని చూడగానే కుక్క తోక ఊపడం అది ఒంటరిగా నేర్చుకున్న విద్య కాదు. వేల ఏళ్లుగా మనుషులు ఎంచి పెంచిన గుణం.

కుక్క తర్వాత, వ్యవసాయం మొదలైన రోజుల్లో, పశ్చిమాసియాలో మేక, గొర్రె, ఆవు, పంది పెంపుడు జాతులయ్యాయి. ఇది సుమారు 10,000 ఏళ్ల నాటి మాట. మన మూపురం ఎద్దు కథ వేరు. దాని పెంపకానికి తొలి ఆనవాళ్లు ఇప్పటి పాకిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో దొరికాయి. తెలుగు నేల మీద కూడా పాత పశుపోషకుల గుర్తులు ఉన్నాయి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో బూడిద దిబ్బను తవ్వితే, 4,000 ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి, అందులో పశువుల గిట్టల అచ్చులు బయటపడ్డాయి. ఆ దిబ్బ కాలిన పేడతో ఏర్పడిందే.

బదిలీ పిల్లలమైన మనం ఈ చరిత్రలో ముఖ్యంగా గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆ కాలపు మనుషులు ఊరు మారినప్పుడు జంతువులను వెంట తీసుకెళ్లారు. సైప్రస్ చుట్టూ సముద్రం ఉన్న ద్వీపం. అక్కడికి తొలి రైతులు మేకలను, గొర్రెలను, ఆవులను పడవల్లో ఎక్కించుకుని వెళ్లారు. పిల్లిని కూడా వదల్లేదు. ఆ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో ఒక మనిషి పక్కనే ఒక పిల్లి అస్థిపంజరం దొరికింది. పిల్లులు ఆ ద్వీపంలో పుట్టినవి కావు. పసిఫిక్ మహాసముద్రంలో దీవి నుంచి దీవికి వెళ్లిన పాలినీషియన్లు కూడా కుక్కలను, పందులను, కోళ్లను తమ పడవల్లోనే తీసుకెళ్లారు. వాళ్లకు రైలు లేదు, లారీ లేదు.

“ఆస్ట్రేలియా డింగో కుక్కలు అడవిలో బతకడం లేదా?” అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. మనుషులతో పాటు అక్కడికి చేరిన కుక్కలే డింగోలయ్యాయి. కానీ దానికి ఎన్నో తరాలు, విశాలమైన భూమి, వేటకు జంతువులు కావలసి వచ్చాయి. మన క్వార్టర్ల కుక్కకు ఇవేవీ లేవు. దాని కడుపు కూడా మన వంటింటికి అలవాటు పడిందే. పిండిపదార్థాలను అరిగించే జన్యువు కాపీలు తోడేలు కంటే కుక్కకు చాలా ఎక్కువని 2013లో శాస్త్రవేత్తలు చూపించారు. మనిషి తిండి తింటూ మారిన జాతి అది. వీధిలో వదిలేస్తే పక్క వీధి కుక్కలు దాన్ని కరుస్తాయి. టీకా వేయించేవాళ్లు ఉండరు. దాని పిల్లలు కూడా వీధి పాలవుతాయి. ఆ తర్వాత ఆ కాలనీకి వచ్చే పిల్లలు కుక్కలంటే భయపడాల్సి వస్తుంది.

పెద్దవాళ్ల ఇబ్బందులూ నిజమైనవే. గౌహతి నుంచి విశాఖకు కుక్కను తేవడం మాటలు కాదు. ఖర్చు ఉంది, ఎండ ఉంది, కొత్త ఊళ్లో ఇల్లు మూడో అంతస్తులో దొరకవచ్చు. అందుకే అందరూ తప్పకుండా తీసుకెళ్లాలని మేము అనడం లేదు. వదిలేయడం మాత్రం ఒక దారిగా ఉండకూడదు అంటున్నాం. పెంచే జంతువు ఆకలితో, దాహంతో బాధపడేలా సరైన కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

మనం చేయగలిగినవి ఉన్నాయి. బదిలీ ఏడాదిలో ఉన్నామని తెలిస్తే కొత్త కుక్కపిల్లను తెచ్చుకోమని ఇంట్లో పట్టుబట్టకూడదు. ఉన్నదానికి టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ముందే చేయించమని అడగాలి. రైల్లో కుక్కను తీసుకెళ్లే వీలుంది. రుసుము కట్టి గార్డు బ్రేక్ వ్యాన్‌లో పంపవచ్చు, ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనదే అయితే వెంట ఉంచుకోవచ్చు. అదీ కుదరకపోతే ఆర్డర్లు రాగానే ఇంకో ఇల్లు వెతకాలి, ప్రయాణం ముందురోజు కాదు. కొత్తవాళ్లకు దాని పేరు, తిండి, టీకా కాగితాలు, భయాలు అన్నీ రాసి ఇవ్వాలి.

మన అమ్మానాన్నలు ఆఫీసులో చార్జి అప్పగించకుండా రిలీవ్ అవ్వరు. లైబ్రరీ పుస్తకం తిరిగి ఇవ్వకపోతే మన టీసీ కూడా ఆగిపోతుంది. ఒక పుస్తకానికే ఇంత లెక్క ఉన్నప్పుడు, మనల్ని నమ్మి బతికే ప్రాణానికి ఇంకెంత లెక్క ఉండాలి? ఈసారి ఆర్డర్లు వచ్చిన రోజే ఇంట్లో ఈ ప్రశ్న వేద్దాం: “మన కుక్క చార్జి ఎవరికి అప్పగిస్తున్నాం?”