పెద్దరోగమును పాపమనువారికి

మన గోదావరీ మండలములలో వివాహ సంబంధ మొకటి కుదురుచుండగా, ఆ వంశమున నెవరికో "పెద్దరోగ" మున్నదని యొకరు చెవిలో నూదిన చాలును, తాంబూలములు వెనుకకు మరలును. రోగ మెప్పుడు వచ్చెను, మందు తిని నయమయ్యెనా యని యడుగువా రుండరు. పూర్వజన్మమున పాపము చేసినవారి యిల్లట! నిరక్షరాస్యు లీ మాట యనిన మేము క్షమింతుము. పట్టాలు పుచ్చుకొన్నవారు సైతము తల యూచుచున్నారే, వారితోనే మాకు వాదము.

వీరు రెండు మాటలు చెప్పుదురు. పూర్వులు ధర్మపరులగుటచే వారికి రోగములు లేవనునది యొకటి. కుష్ఠము పాపఫలమనునది రెండవది. ఈ రెంటికిని మేము బదులు చెప్పనక్కఱలేదు. ఆ పూర్వుల యెముకలే చెప్పుచున్నవి.

రాజస్థానమున ఉదయపురమునకు సమీపమున బాలాథల్ అను పాతదిబ్బను త్రవ్వగా, సుమారు 4000 సంవత్సరముల నాటి నడివయస్సు పురుషు నస్థిపంజరము దొరకెను. దానిని పరీక్షించిన పండితులు 2009వ సంవత్సరమున తమ నిర్ణయమును ప్రకటించిరి. నాసికారంధ్రము క్రింది మొనయెముక కరిగిపోయినది, రంధ్రపుటంచులు గుండ్రనైనవి, ముందుపండ్లను పట్టియుండు దవడ తరిగినది, ముంగాలి యెముకపై గుంటలు పడినవి. ఇవన్నియు నొక్క శరీరమున గూడివచ్చుట కుష్ఠముయొక్క గుర్తు. ఆతనిని రాతిగోడల నడుమ, ఆవుపేడ కాల్చిన బూడిదలో పాతిపెట్టిరి. ఎముక యిట్లు కరుగుటకు నెలలు చాలవు, సంవత్సరములు పట్టును. అన్ని సంవత్సరము లాతడు బ్రతికియుండెననిన, ఎవరో యన్నము పెట్టియే యుందురని మేము తలంచుచున్నాము. ఆ యెవరో మన తాంబూలములవారికంటె మేలైనవారు.

ఇది భరతఖండపు దోషమే యనుకొనరాదు. ఈజిప్టుదేశమున పదనుచేసి దాచిన శవములలో, 3000 సంవత్సరములకు పూర్వపువాని మూత్రపిండములయందు రక్తమూత్ర రోగపు క్రిమి గ్రుడ్లను రఫర్ అను వైద్యుడు 1910లో కనుగొనెను. అదే సంవత్సరమున నాతడును ఎలియట్ స్మిత్తును క్షయచే వంగిన వెన్నెముక గల యొక పూజారి శరీరమును వర్ణించిరి. ఇంగ్లాండునందలి లీడ్సు పట్టణపు పురావస్తుశాలలో నున్న నత్సెఫ్-అమున్ అనువాడు కర్నాకు దేవాలయపు పూజారి. ఆతని గజ్జలలో బోదకాలి జాతి పురుగు కనబడెను. మన డెల్టా కాలువగట్లమీద బోదకాళ్లతో నడచువారిని చూచి నవ్వువారు, ఆ పూజారి చేసిన పాప మేదియో సెలవిత్తురా? దోమ కాటునకు పూజారి యనియు పాలేరనియు భేదము లేదు.

శాస్త్రమును త్రోసివైచుచున్నా రని మమ్ము నిందింపకుడు. సుశ్రుతసంహిత నిదానస్థానము తీసి చూడుడు. కుష్ఠము పాపకర్మమువలన గలుగునని యందున్నమాట నిజమే. ఆ యధ్యాయమందే కుష్ఠము, జ్వరము, క్షయము, కండ్లకలక యివి సహభోజనమువలనను శరీరస్పర్శవలనను నొకరినుండి యొకరికి సంక్రమించునని కూడ నున్నది. గ్రంథకర్త రెండు మాటలు చెప్పగా మనవారు మొదటిదానిని తలకెత్తుకొని రెండవదానిని కండ్లకలకకు మాత్రము విడిచిపెట్టిరి. కండ్లకలక వచ్చినవాని పూర్వజన్మము నెవరును తడవరు గదా!

మన సీమయెముక లేవీ యందురేని, మనము శవములను దహించి యస్థులను గోదావరిలో కలుపువారము. ఆ నదినే యెగువకు పోయి భద్రాచల ప్రాంతమున జానంపేట కడ చూచినచో, పూర్వుల రాతిసమాధులు నేటికిని గలవు. తెలుగుదేశమున నిట్టివానిని జనులు రాకాసిగుళ్లందురు. ఇట్టి సమాధుల రాళ్లను పెఱికి యిండ్లకు వాడుకొన్న చోట్లు పెక్కులు. పండితు డెముకను చేతబట్టిన మైలయనువారే, ఆ రాతిని గుమ్మమునకు వేసికొనుటలో మైల నెఱుగరు! ఒక్కమాట మాత్రము వారిపక్షమున నొప్పుకొందుము. ఆ యెముకలు మనుష్యులవి. హైదరాబాదు పురావస్తుశాలలో 1930 మొదలు ఈజిప్టు కన్యక శరీర మొకటి యున్నది. దానిని గారడివింతవలె చూచి పోవుట మాకు నచ్చదు. ఏమి తిని బ్రతికెను, ఏ రోగముచే బాధపడెనని యడిగి చూచుటయే యామెకు మర్యాద.

ఇక మన యిండ్లకు వత్తము. 1873లో హాన్సెన్ కుష్ఠక్రిమిని కనుగొనెను. 1980 తరువాత ప్రపంచారోగ్యసంస్థ పలుమందులను గలిపి యిచ్చు చికిత్సను నిర్ణయించినది. మందు మొదలిడిన కొలదికాలములోనే రోగి యితరులకు రోగము నంటింపడు. నెలలలో చికిత్స ముగియును. 2019లో మన పార్లమెంటు కుష్ఠమును విడాకుల కారణములనుండి తొలగించినది. ఢిల్లీలో తొలగినది మా యూళ్ల పెరటివసారాలలో తొలగలేదు. ఈ పత్రిక చదువు గృహిణుల యిండ్లలో నెచటనైనను వసారా మూల వేరుగా బోర్లించిన కంచ మున్నయెడల, అది యెవరిదో, వారికి మందు పూర్తియై యెన్నేండ్లయినదో, ఈ పూటయే యడిగి చూడుడు.